తిరగబడిన అట్ట

చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కడికెళ్ళినా మనిషిది ఒకటే యావ: తానెలాంటివాడో ఇంకొకరు చెప్పాలి. కొందరు అరచెయ్యి చాపుతారు, కొందరు పుట్టిన ఘడియ చెబుతారు, చదువుకున్నవాళ్ళు ప్రశ్నపత్రం నింపుతారు. నేనూ నింపాను, మూడు ఊళ్ళలో మూడుసార్లు. ముగ్గురు వేరు వేరు మనుషులుగా తేలాను. ఒకదాంట్లో పుట్టు నాయకుణ్ణట. నా చెప్పులే నా మాట వినవు.

ఈమధ్య నేను అద్దెకు దిగిన ఇంటి యజమాని బతుకంతా అలాంటి కాగితాలు దిద్దడంతోనే గడిచింది. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. అక్కడ అందరూ ఆయన్ని అట్టాయన అనేవారు. ఉద్యోగానికొచ్చిన ప్రతి మనిషికీ నలభై ప్రశ్నలిచ్చేవారు. పదిమందిలో ఉంటే హాయిగా ఉంటుందా, ఊరికే కూర్చుంటే తోచదా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకు పక్కపక్కనే రెండు సున్నాలు. ఎడమది అవును, కుడిది కాదు. ఏదో ఒకటి పెన్సిలుతో నల్లగా నింపాలి. అట్టాయన ఆ కాగితం మీద, వరసకొకటి చొప్పున, ఒంటరితనం చూపే జవాబు మీద రంధ్రం ఉన్న అట్ట పెట్టి, రంధ్రాల్లోంచి కనిపించే నల్ల చుక్కలు లెక్కపెట్టేవాడు. ఇరవై అయిదు దాటితే ఒంటరి స్వభావం, జలాశయం ఒడ్డున పంపుహౌసుకు పంపడమే. తగ్గితే ఊళ్ళో ఫిర్యాదుల కౌంటరు.

రిటైరై ఆరేళ్ళయినా ఆ రంధ్రాలు ఆయన్ని వదల్లేదు. జల్లెడ కనిపించినా, కిటికీ జాలీ కనిపించినా పెదవులు కదిలేవి, లెక్కపెడుతూ. ఆయన భార్య నాకు కాఫీ ఇస్తూ, "అన్నయ్యగారూ, ముందు ఈయన్ని పెట్టాల్సింది ఆ అట్ట కింద. ఒక్క చుక్క కనిపిస్తే నన్నడగండి" అనేది. ఆయన నవ్వేవాడు కాదు.

ఒక ఉదయం మేడమీదికొచ్చి, నా మంచం అంచున కూర్చుని, అసలు సంగతి చెప్పాడు. ఒకసారి పాత అట్ట చిరిగితే దాన్ని చూసి కొత్తది తనే కోశాడు. అట్ట తిరగబడకుండా ఉండేందుకు కుడివైపు పైమూల కత్తిరించి ఉండాలి. ఆయన ఎడమమూల కత్తిరించాడు. దాంతో, ఆ మూల కుడివైపుకు రావాలని పెట్టిన ప్రతిసారీ అట్ట బోర్లా పడింది. అవునన్నది కాదయింది, కాదన్నది అవునయింది. తొమ్మిది రోజుల తర్వాత గమనించి కాగితాలన్నీ మళ్ళీ దిద్దాడు. ఒక్కటి మాత్రం అప్పటికే పైకెళ్ళిపోయింది. తొమ్మిది చుక్కల మనిషి ముప్పై ఒకటితో పంపుహౌసుకు వెళ్ళాడు.

పరీక్ష రోజున హాలంతా నవ్వించిన కుర్రాడతను. కాగితమిస్తూ, "మా అమ్మ కూడా నన్నిన్ని ప్రశ్నలడగలేదు సార్" అన్నాడట. అట్టాయనకప్పుడు కూతురు పుట్టి పదిరోజులు. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం. వచ్చే నెల చెబుదాం, పై నెల చెబుదాం అనుకుంటూ ఇరవై రెండేళ్ళు నాన్చాడు.

"నాకు తోడొస్తారా? ఒక్కణ్ణే అతని మొహం చూడలేను" అన్నాడు. వెళ్ళాం. ఊరు దాటాక బస్సులో మేమిద్దరమే మిగిలాం.

పంపుహౌసంటే ఒక గది, రెండు పంపులు, ఒక కుర్చీ. మేకుకు ఒక గ్లాసు. పంపు మనిషి జుట్టు నెరిసింది. మాట ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు, వెతుక్కుని పలికాడు. అట్టాయన నిలబడే అంతా చెప్పాడు, ఒక్కటీ దాచకుండా. వింటూ ఆ మనిషి పాతగుడ్డతో చేతుల నూనె తుడుచుకున్నాడు.

"నాకు రావాల్సినవెన్ని?"

"తొమ్మిది."

తలాడించాడు. మొదట్లో పంపులతో మాట్లాడేవాణ్ణన్నాడు. ఎడమదానికి కాస్త కోపమెక్కువట. నాలుగేళ్ళకు అదీ మానేశాడట. తర్వాత అడిగాడు: "ఆ కాగితం తెచ్చారా సార్?"

అట్టాయన సంచిలో ఖాళీ కాగితమూ ఉంది, సరైన మూల కత్తిరించిన అట్టా ఉంది. పంపు మనిషి గోడకానించుకుని, ఒక్కచోటా ఆగకుండా నలభై సున్నాలు నింపాడు. అట్టాయన కుర్చీ మీద పరిచి అట్ట పెట్టాడు. మూల చూసుకున్నాడు. లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఎన్ని సార్?"

"ముప్పై మూడు."

"మరింకేం. సరైన చోటికే పంపారు" అన్నాడు పంపు మనిషి, నింపాదిగా.

ఆ మాట కోసమే అట్టాయన ఇన్నేళ్ళు అల్లాడాడు. ఇప్పుడది చెవిన పడ్డా, అట్ట పక్కకు తీసి ఆ కాగితాన్నే చూశాడు. ఎవరి కాగితమది? హాలు నవ్వించినవాడిదా, ఈ గదిలో తయారైనవాడిదా? అట్టకు ఆ తేడా తెలియదు. మనిషిని కొలిచిందీ అదే, కోసిందీ అదే.

పంపు మనిషి మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. నెలకోసారి వస్తుంటాను తమ్ముడూ అన్నాడు అట్టాయన, చెయ్యి పట్టుకుని.

"వద్దు సార్" అన్నాడతను, చెయ్యి వదిలించుకోకుండానే. "ఎవరైనా వచ్చి వెళ్తే, మూడు రోజులు ఆ ఖాళీ కుర్చీ వైపు చూడలేను."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. గేటు మూయలేదు అతను.