టెక్కలి హోటల్ వెనక గది

కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపుకు దగ్గరి సందులో టెక్కలి హోటల్ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. తెల్లవాళ్ల కాలం నాటి ఇటుక మేడ. కింద భోజనాలు, పైన గదులు. పెరట్లో కిటికీలు లేని పొడవాటి గది ఒకటుంది. అందులో ఉల్లిపాయల బస్తాలు వేస్తారు.

ఆ హోటల్ని నడిపేది రోజమ్మ. అరవై దగ్గర పడింది. తాత దయారత్నం అక్కడ కాపలాదారు, తండ్రి వంటవాడు. గోడమీద తాత ఫోటో ఉంది. ముఖం ఒక పక్కకు తిప్పి, ఎడమ చెవి మాత్రమే కనిపించేలా తీయించుకున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ రోజమ్మ ఆ ఫోటో చూపించి చెప్పేది.

"కరువుకి మా టెక్కలి వైపు ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయిపోనాయి. రైలు దిగినోళ్లకి గంజి పోసి బతికించినాడు మా తాత."

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం చిన్మయి అనే అమ్మాయి తన అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. డిబ్రూగఢ్ దగ్గర టీ తోటల నుంచి కంటి వైద్యానికి కలకత్తా వచ్చారట. తెలుగు భోజనం దొరుకుతుందని ఎవరో చెబితే ఇటు వచ్చారు. ముసలామె పేరు అప్పలకొండమ్మ. తొంభై ఏళ్లుంటాయి.

"ఏ ఊరమ్మా మీది?" అని రోజమ్మ ఆప్యాయంగా అడిగింది.

"టెక్కలి కాడే" అంది ఆమె. రోజమ్మ సంబరపడి, మరో గరిటె పప్పు వడ్డించింది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి తీసుకెళ్తే, ఆ పొడవాటి గది ముందు ముసలామె ఆగిపోయింది. గోడ తడిమింది.

"ఇదే... ఇందులోనే మమ్మల్ని ఎట్టి తాళం ఏసినారు."

"తాళమేటి అమ్మా? ఎవులు?"

"సర్దారు. అస్సాం తోటలకి మడుసుల్ని తోలీవోడు. పనుందని సెప్పి మా ఊరోళ్లని రైలెక్కించినాడు. పారిపోతామని ఈ గదినోన ఏసి మూసీసినాడు. మా సెల్లికి జొరమొచ్చింది. నీల్లియ్యమని తలుపు బాదినాం. బయట కావిలోడు దగ్గుతుండీవోడు. ఉన్నాడని తెలుస్తంది, తియ్యడు. తెల్లారేతలికి పిల్ల నేదు."

రోజమ్మ, "ఆ కావలోడు ఎలగుండీవోడు?" అంది.

"గంజి తెచ్చీవోడు. తలుపు కిందనించి తోసీవోడు. వంగినప్పుడు సందులోంచి సూసినాను." ముసలామె తన కుడి చెవి పట్టుకుంది. "ఈ తమ్మి తెగిపోయి ఉండీది."

రోజమ్మ తాతను చిన్నప్పుడే కుక్క కరిచి కుడి చెవి తమ్మె తెగిపోయింది. అందుకే ఫోటోలో ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ చెవి పట్టుకునే రోజమ్మ చిన్నతనంలో తాత భుజాలెక్కి ఊరేగింది.

"ఆడు మా తాత" అంది.

చిన్మయి భయపడి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. అప్పలకొండమ్మ చెయ్యి చాచి రోజమ్మ తల తడిమింది. "ఇందులో నువ్వు సేసిందేటుందమ్మా" అంది.

"నీ సెల్లి పేరేటి?"

"పాప అనీవోలం. పేరింకా ఎట్టనేదు."

ఆ తరవాతి ఆదివారం, తమ తెలుగు చర్చిలో రోజమ్మ లేచి నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. సంఘపెద్ద ఎడ్విన్, "పోయినాయన పరువు ఇప్పుడెందుకమ్మా తియ్యడం?" అన్నాడు. దయారత్నం చేతి గంజి తాగిన కుటుంబం ఆయనది.

"ఆ పిల్లని ఎవులూ తలుసుకోనేదు, దేవుడికీ సెప్పనేదు" అంది రోజమ్మ. "నానడిగేది ఆ పిల్లకోసం ఒక్క ప్రార్థన, ఎడ్విన్ అన్నా."

పాస్టరు పాప పేరున ప్రార్థన మొదలుపెట్టాడు. ఎడ్విన్ తప్ప అందరూ లేచారు. అప్పటికి డిబ్రూగఢ్ చేరిపోయిన చిన్మయికి రోజమ్మ ఫోన్ కలిపి, పైకెత్తి పట్టుకుంది. ప్రార్థన అయిపోయింది.

"అమ్మమ్మ వింది ఆంటీ" అంది చిన్మయి. "ఏడుస్తోంది. మళ్లీ ఒకసారి చెప్పమంటోంది."

రోజమ్మ పాస్టరు వైపు చూసింది. ఆయన మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి ఎడ్విన్ కూడా లేచి నిలబడ్డాడు.