గొంతుల పెట్టె తాళంచెవి

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. రాయచూరు బస్టాండు వెనక సందులో నా డీటీపీ సెంటరు. డీటీపీ అంటే మరేం లేదు, చేత్తో రాసిన దాన్ని కంప్యూటర్లో కొట్టి, అచ్చుకు పనికొచ్చేలా పేజీలు కట్టి ఇవ్వడం. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, చదివేవాళ్లు తక్కువ. చాలామంది కన్నడ బడిలో చదివినవాళ్లే. అందుకని నా దగ్గర ఒక పద్ధతుంది. ప్రూఫు, అంటే తప్పులు చూడ్డానికి తీసే మొదటి కాపీ, నేనే పైకి చదువుతాను. ఇంటి పెద్ద విని సరేనంటేనే ఫైనల్. పెళ్లి కార్డయినా కరపత్రమైనా అంతే.

సుజాత పీయూసీ, అంటే మన ఇంటర్, చదివే పిల్ల. తెలంగాణ సరిహద్దు దగ్గర పల్లె, పేరు చెప్పను. తెలుగు అక్షరాలు సరిహద్దు అవతల మక్తల్‌లో అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. ఆ పిల్ల ఏకంగా నవల రాసింది! హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థ వేస్తామంది. ముఖచిత్రం కూడా వచ్చేసింది, కింద "త్వరలో" అని. ఫైలు నేను పంపడమే తరువాయి.

కథ రాబోయే కాలంలో ఒక నగరానిది. పొద్దుగూకగానే ఆడపిల్లలందరూ తమ గొంతులు తీసి ఒక పెట్టెలో పెట్టాలి. తెల్లారాక తిరిగి ఇస్తారు. పెట్టెకు కాపలా కాలీడ్చుకుంటూ నడిచే ఒక పెద్దాయన. చివరికి ఆయన తాళంచెవి కథానాయిక చేతిలో పెడతాడు. ఇన్నేళ్లూ గృహప్రవేశాలూ వర్ధంతులూ కొట్టి కొట్టి విసిగిపోయిన నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎంత బాగా ఊహించావే!" అన్నాను.

"ఊహ ఏంది అక్కా? మా ఊర్ల గిట్లనే. దీపాలు పెట్టే యాళ్లకు పెండ్లి గాని పోరిల ఫోన్లన్ని చావడిల ట్రంకుల పెట్టి తాళం ఎయ్యాలె. పంచాయితి పెద్దల హుకుం. చావి మా నాయన తాన ఉంటది."

ఫైనల్‌కు ముందు తండ్రిని తీసుకొచ్చింది. భీమప్ప కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి, తువ్వాలుతో కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు. కథలంటే ప్రాణమట. చదవడం మొదలెట్టాను. నవ్వాల్సిన చోట నవ్వాడు. పెట్టె దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. చివరి అధ్యాయం అయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఆ కాలీడ్చేటోడు నేనే గదా, బిడ్డా?"

"అవు నాయనా."

"నేను చావి ఇచ్చినట్ల ఎందుకు రాసినవ్?"

"నువ్వు ఇస్తవనుకున్న."

భీమప్ప తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు.

"నేనియ్యను బిడ్డా. ఇస్తే మనల ఎలేస్తరు. కూలికి పిలువరు, నీళ్లకు రానియ్యరు. నీ తమ్ముండ్లేం తినాలె? నాతోని గాదు."

నాకు మండింది. "పుస్తకమే కదండీ! మీ ఊళ్లో తెలుగు చదివేదెవరు?" అన్నాను. జవాబు సుజాత చెప్పింది.

"ఆపెయ్యి అక్కా. హైదరాబాదోళ్లకు నేను చెప్త."

"పిచ్చా నీకు? ఆయన అచ్చెయ్యొద్దని అనలేదుగా!"

"అనలే. చావి ఇయ్యనన్నడు గద. ఆయన ఇస్తడనే నవలంత రాసిన."

ఎంత బతిమాలినా వినలేదు. ఆ ఫైలు పంపనే లేదు. బయట పొద్దు వాలుతోంది. "పోదాం బిడ్డా, యాళ్ల అయితుంది" అన్నాడు భీమప్ప. ఆ పిల్ల తన ఫోను ఆపి, ఆయన అడక్కముందే, నా టేబుల్ దగ్గరే ఆయన చేతికిచ్చేసింది. ఆయన జేబులో వేసుకున్నాడు.

కాపలా కాసేవాడు దుర్మార్గుడైతే తిట్టొచ్చు, తోసుకుని పోవచ్చు. కూతుర్ని ప్రాణంలా చూసుకునే తండ్రి ఏడుస్తూ అడ్డం నిలబడితే ఆ పిల్ల ఎటు పోతుంది? ఈ పనిలో నాకు తెలిసొచ్చింది అదే. ఇప్పటికీ ఎవరైనా ఆడపిల్ల కథ రాసి తెస్తే శ్రద్ధగా కొట్టి ఇస్తాను. పుస్తకమొస్తే నీ బతుకు మారుతుందమ్మా అని మాత్రం నోరు తెరిచి చెప్పలేను.