వాసన లేదని రాసిన కాగితం

మొన్న వాన వెలిసిన పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి వస్తుంటే, హాస్టళ్ల సందు మొదట్లో పొంగిన మురికికాలువ పక్కన ఎవరో బ్లీచింగ్ పొడి చల్లుతున్నారు. కోచింగ్ సెంటర్లకు పరుగెత్తే పిల్లలు ముక్కులు మూసుకుని దాటిపోతున్నారు. నేను మాత్రం ఆగిపోయాను. ఆ ఘాటు తగిలితే చాలు, నాకు ఫర్హానా మేడం గుర్తొస్తారు. ఏ మల్లెపూల వాసనకో అత్తరు వాసనకో మనుషులు గుర్తు రావాలి గానీ, ఇదేం ఖర్మ అనుకుంటాను. ఏం చేస్తాం, ఆవిడకూ నాకూ మధ్య జరిగిన అసలు సంగతంతా ఆ వాసన దగ్గరే జరిగింది.

పంజాగుట్టలో ఒక పాత భవనం రెండో అంతస్తులో మా నీటి పరీక్షల ల్యాబ్ ఉండేది. మేడం అక్కడ చీఫ్ అనలిస్టు. ఆవిడ సంతకం లేనిదే ఏ రిపోర్టూ గడప దాటదు. నేను మైక్రోబయాలజీ చదివి, సాయంత్రాలు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటూ, ఆ ఉద్యోగం వచ్చేదాకా కాలక్షేపానికి అక్కడ చేరాను. ఆ సంగతి దాచలేదు. "మంచిదే బేటా, నేర్చుకో. గానీ ఈడ ఉన్నంతసేపు ఈడనే ఉండు" అన్నారు. ఎవరు నీళ్ల సీసా తెచ్చినా పరీక్ష కంటే ముందు ఆవిడ ప్రశ్నలు మొదలయ్యేవి. "గీ నీళ్లు ఏడికెల్లి వచ్చినయ్? తొవ్వల ఏమేం తగిలినయ్?" సీసా తెచ్చినవాళ్లు బిత్తరపోయేవారు. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లాణ్ణి అడిగినట్టు నీళ్లను అడుగుతారని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఒకసారి ఎండలు ముదరకముందు ఒక చిన్న పట్టణం ఫైలు మా దగ్గరికి వచ్చింది. ఊరి అంచున గుట్ట, గుట్ట రాళ్ల పగులులోంచి ఏడాది పొడుగునా కారే ఊట, దాని కింద ఒక రాతి తొట్టి. ఆ నీళ్లు ఇంటింటికీ ఇవ్వాలంటే ప్రభుత్వం దాన్ని తాగునీటి వనరుగా ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే మా రిపోర్టు కావాలి. పైపులు అప్పటికే వేసేశారు. రిపోర్టు బాగా వస్తే ఆ ఎండాకాలమే నల్లాలు తిరుగుతాయి, లేకపోతే మళ్లీ ట్యాంకర్ వెంట పరుగులే.

శాంపిల్ కోసం వస్తున్నామని ఫోన్ చేసి, నేనొక్కదాన్నే వెళ్లాను. ఊట బాగోగులు చూసే వాటర్‌మ్యాన్ ఎల్లయ్య, అరవైకి దగ్గరపడ్డ మనిషి, బస్టాండుకే ఎదురొచ్చాడు. తొట్టి తళతళలాడుతోంది. వంగి సీసా పట్టబోతే గుప్పున బ్లీచింగ్ ఘాటు కొట్టింది. తుమ్మాను. చుట్టూ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నా మొహంలోకే చూస్తున్నారు. "మంచిగనే ఉన్నయా అక్కా?" అని ఒకామె అడిగింది. ఊట అసలు గుణం తెలియాలంటే ఏ మందూ కలపని నీళ్లు పట్టాలి. అది నాకు తెలియక కాదు. మేం అక్కడికక్కడే నింపే షీటులో 'వాసన' అని ఒక గడి ఉంటుంది. 'ఉంది' అని రాస్తే ఆ శాంపిల్ చెల్లదు, మళ్లీ రావాలి. అందులో 'లేదు' అని రాశాను. జాలితో రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం క్లాసుకు బస్సు దొరకదన్న తొందర కూడా అందులో సగం ఉంది.

రెండు రోజులకు ప్లేట్లు బయటికి తీశాం. నీళ్లలో క్రిములుంటే ఆ గాజు పళ్లెంలో చుక్కలు చుక్కలుగా పెరిగి కనిపిస్తాయి. ఒక్క చుక్క లేదు. "పాస్ మేడం!" అన్నాను. మేడం ప్లేటును కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"గింత ఖాళీగనా?"

"మంచి నీళ్లు కదా మేడం."

"మంచియే గావచ్చు. గానీ మట్టిలకెల్లి, రాయిలకెల్లి వచ్చే నీళ్లల్ల ఏ హానీ చెయ్యనియి సుత నాలుగుంటయి బేటా. ఇల్లు గింత పెద్దగుండి మనిషే లేకపోవుడేంది?" షీటు తీసి చూశారు. "వాసన రాలేదా?"

"రాలేదు మేడం." రాసినంత సులువుగా నోటితో చెప్పలేకపోయాను.

ఆవిడకు కోపం రాలేదు. కళ్లు మెరిశాయి. "అయితే మనకు తెల్వనిది ఏందో ఉన్నది. పోదాం పా. ఈసారి ఫోన్ చెయ్యకు."

మర్నాడు మేం దిగేసరికి తొట్టి దగ్గర మేకలు నీళ్లు తాగుతున్నాయి, ఇద్దరు ఆడవాళ్లు అందులోనే బిందెలు ముంచి తోముకుంటున్నారు. ఎల్లయ్య పరుగున వచ్చాడు. "చెప్పకుండ వస్తిరేంది మేడం! జర ముందుగాల చెప్తే మొన్నటి లెక్కనే మంచిగ చేసి పెడుదుము."

"మొన్న ఏం చేసిండ్రు?"

"తొట్టి రాకి కడిగినం, రెండు డబ్బాల బ్లీచింగ్ కొట్టినం. పట్నంకెల్లి పెద్దోళ్లు వస్తుండ్రంటే వాకిలి ఊడ్వమా మేడం? గీ బిడ్డకు తెల్వదా, గా ఘాటుకు తుమ్మింది సుత!"

నా తల కొట్టేసినట్టయింది. మేడం నావైపు చూడలేదు. ఎల్లయ్యను ఒక్క మాట అనలేదు. మోసం చేయాలని కాదు, వచ్చేవాళ్ల ముందు ఊరి పరువు నిలవాలని ఆయన ఆ పని చేశాడని ఆవిడకు వెంటనే అర్థమైంది. చున్నీ నడుముకు చుట్టుకుని, ఆయన చెయ్యి పట్టుకుని రాళ్లెక్కి, ఊట మొదలు ఎక్కడో చూపించమన్నారు. వానాకాలం రంగు మారుతుందా, పైన ఎవరి చెలకలున్నాయి, మేకలు ఎటునుంచి దిగుతాయి, అన్నీ అడిగారు. రాతి పగులు దగ్గర ఒక శాంపిల్, తొట్టిలో ఒక శాంపిల్ తనే పట్టారు.

తిరుగు బస్సులో ఆవిడ నాతో ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ల్యాబ్‌కు రాగానే నా పాత షీటు ముందు పెట్టారు. "దీన్ని చింపేసి కొత్తది రాస్తాను మేడం" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. మా పనిలో తప్పును చెరపకూడదు. పాతది కనపడేటట్టు దానిమీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అంకెలు అట్లా చాలాసార్లు దిద్దాను గానీ అబద్ధాన్ని ఎన్నడూ దిద్దలేదు. 'లేదు' మీద గీత గీశాను. 'బ్లీచింగ్ వాసన ఉంది. ఆనాడు రాయలేదు' అని రాసి సంతకం పెట్టేసరికి ఏడుపొచ్చింది.

"నన్ను తీసేస్తారా మేడం?"

"ఎందుకు రాసినవో గది చెప్పు ముందు. నాకు తెల్వాలె." నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. జాలి సంగతీ బస్సు సంగతీ రెండూ చెప్పాను. ఆవిడ ఆ షీటును ఫైల్లో పెట్టారు. "జాలి పడు, ఎవలొద్దన్నరు? గానీ గా నీళ్లు తాగేది వాళ్లు. నీకు తెలిసింది వాళ్లకు తెల్వాలె గద బేటా."

రాతి పగులు నీళ్ల ప్లేటులో నాలుగైదు మామూలు చుక్కలు మాత్రమే వచ్చాయి. "ఇగో, ఇంటోళ్లు దొరికిండ్రు!" అని మేడం చిన్నపిల్లలా సంబరపడ్డారు. తొట్టి ప్లేటు నిండా మాత్రం మేకల పెంటికల్లోంచి వచ్చే క్రిములే. ఊట మంచిదే, తొట్టే చెడ్డది. రాతి దగ్గరే నీళ్లు పట్టి పైపులోకి మళ్లించాలి, చుట్టూ కంచె వేయాలి, మొదటి వానల తర్వాత మళ్లీ పరీక్షించాలి. అంటే ఆ ఎండాకాలం పోయినట్టే.

ఎల్లయ్య పంజాగుట్ట దాకా వచ్చి మేడం ఎదురుగా కూర్చున్నాడు. "గీ ఒక్క సంతకం పెట్టుండ్రి మేడం. కంచె మేమే ఏసుకుంటం, నా మీద ఒట్టు."

"పెడ్త భాయ్. ఏం రాసిన కాయితం మీద పెట్టాల్నో నువ్వే చెప్పు."

ఎల్లయ్య చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మేడం ఆరోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ ఎండాకాలమంతా నేను మంచినీళ్ల సీసా ఎత్తిన ప్రతిసారీ ఆ ఆడవాళ్ల బిందెలు కళ్లముందు కనపడేవి.

ఊరివాళ్లు కంచె వేసి, నీళ్లను రాతి దగ్గరే పైపులోకి మళ్లించారు. వానల తర్వాత అన్ని ప్లేట్లూ బాగా వచ్చాయి. ఫైలు పంపేరోజు, ఇక ఆ కొట్టివేత షీటు తీసేద్దామని మేడంను బతిమాలాను. "గది తీస్తే మొదటి ప్లేటు ఖాళీగ ఎందుకొచ్చిందో ఎవలకు ఎట్ల తెలుస్తది?" అని దాన్ని అన్నిటికంటే పైన పెట్టారు. నాలుగు రోజులకు అనుమతులిచ్చే అధికారి ల్యాబ్‌కు ఫోన్ చేసి, నన్నే ఫోన్ దగ్గరికి పిలిపించారు.

"మీరే రాసి మీరే కొట్టేశారా?"

"అవును సార్. వాసన వచ్చింది. రాయలేదు."

ఆయన "సరేనమ్మా" అని పెట్టేశారు. ఆ నెలలోనే అనుమతి వచ్చింది. ఎల్లయ్య ఫోన్ మేడంకు కాదు, నాకు వచ్చింది. "నల్లా తిప్పినం బిడ్డా. ఒకసారి వచ్చి చూసిపో. చెప్పకుండనే రా."

సాఫ్ట్‌వేర్ కోర్సు మధ్యలోనే వదిలేశాను. మేడం పోయి నాలుగేళ్లవుతోంది. రిపోర్టుల మీద ఇప్పుడు సంతకం నాది. వారంలో ఒక్కసారైనా ఏదో ఒకటి తప్పు రాస్తాను. గీత గీసి, నిజం పక్కన రాసి, తేదీ వేసి సంతకం పెడతాను. ఇన్నేళ్లయినా పెట్టేటప్పుడు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు నాలోంచి పోకూడదనే కోరుకుంటాను.