సున్నం తప్పు కాదు

పెద్దబాపు పోయాడని అన్న ఫోన్ చేసినప్పుడు నేను నాచారం బస్టాపులో నిలబడి ఉన్నాను. "నిద్రల్నే పోయిండు చెల్లె. చాయ్ ఇద్దామని లేపితే లేవలే," అన్నాడు. ఎదురుగా షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ వాళ్లు బండ్ల మీద పోతున్నారు. నాకు ఏడుపు రాలేదు.

కోపం మాత్రం ఆ సాయంత్రం వచ్చింది, శ్మశానంలో. చితి ఇంకా మండుతూనే ఉంది. సిమెంటు దుకాణం పెట్టుకున్న ఒక పెద్దమనిషి పక్కనున్న ఆయనతో అంటున్నాడు: "మంచోడే గని, ఆ మహల్ పని కరాబు జేసి పేరు పోగొట్టుకుండు." పక్కనాయన తల ఊపాడు. ఇది రాస్తున్నది ఆ ఊపిన తల కోసమే.

పెద్దబాపు మా బాపుకు అన్న. సున్నం మేస్త్రి. ఉప్పల్ ఇంకా వేరే మున్సిపాలిటీగా, చిన్న ఊరిలాగే ఉన్న రోజుల్లో, పాత ఊరి వెనక ఒక మహల్ ఉండేది. నిజాం కాలంలో ఒక జాగీర్దారు ఓడెక్కి దూరదేశం పోయి, అక్కడి రాజుల మేడలు చూసి మనసు పారేసుకుని, బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ఇక్కడి మేస్త్రీల ముందు పెట్టాడట. ఆ మేస్త్రీల్లో మా ముత్తాత ఒకడు. వాళ్లెవరికీ చదువు రాదు. బొమ్మలు చూసి కట్టారు.

ముందు గోడ తిన్నగా ఉండదు. నడుమ ఛాతీ విరుచుకున్నట్టు ముందుకు వచ్చి, రెండు పక్కలా లోపలికి ఒదిగి, చివర్లలో మళ్లీ బయటికి తిరుగుతుంది. వాకిట్లోంచి రెండు మెట్ల వరుసలు చెరో వైపు వంపు తిరిగిపోయి పైన ఒక్కచోట కలుస్తాయి. కోడిగుడ్డు ఆకారపు కిటికీలు. వాటి చుట్టూ సున్నపు గచ్చుతో చేసిన శంఖాలు, దండలు, బుగ్గలు ఉబ్బిన రెక్కల పిల్లలు. పుస్తకంలో ద్రాక్షగుత్తులు ఉన్నచోట మనవాళ్లు సీతాఫలాలు పెట్టారు. రెక్కల పిల్లలకు మొలతాళ్లు కట్టారు. ఒకసారి ఎక్కడి నుంచో ఒక ప్రొఫెసరమ్మ విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి, ఈ తీరును బరోక్ అంటారని పెద్దబాపుకు చెప్పింది. ఆయన అన్నాడు: "పేరేదైతేందమ్మా. సక్కగున్న గోడ నిలవడ్తది. వంపున్న గోడ నడుస్తది. గంతే ఫరక్."

ఆవిడ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. నేను చూశాను.

ఆ గచ్చుకు ఎక్కడ పెచ్చు లేచినా పెద్దబాపే పోయేవాడు. సున్నాన్ని వారాల తరబడి నానబెట్టి, గానుగలో ఇసుకతో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాడు. ఆయన చొక్కా దగ్గరికి తేనెటీగలు వచ్చేవి. నూరిన సున్నాన్ని వేలితో తీసి నాలుక కొసకు ఆనించి, నచ్చకపోతే మళ్లీ నూరమనేవాడు. కూలీలు విసుక్కుంటే, "సున్నాన్ని తొందరవెడితే అలుగుతది. అలిగిందంటే మన తరంల మాట్లాడది," అనేవాడు. నేను డిప్లొమాలో సివిల్ తీసుకున్నది ఆయన్ని చూసే.

జాగీర్దారు వారసులు మహల్‌ను పెళ్లిళ్ల హాలుకు లీజుకిచ్చారు. లీజు తీసుకున్నతను పాత గచ్చు మీద సిమెంటు పూయించాడు. పైన బంగారు రంగు పెయింటు. చూరు కింద ముందుకు పొడుచుకొచ్చిన గచ్చు అంచుకు బెజ్జం పొడిచి నీళ్ల పైపు దించాడు. కప్పు మీద పెద్ద ట్యాంకు ఎక్కించాడు. పెద్దబాపు నాలుగుసార్లు పోయి చెప్పాడు. "సున్నం ఊపిరి తీస్తది సేటూ. నువ్వు దాని నోరు మూస్తున్నవ్. నీళ్లు లోపట్నే నిలవడ్తయి." సేటు నవ్వి, "జర చాయ్ తాగి పో మేస్త్రీ," అన్నాడు. అంతకు ముందు ఏడు ఆ అంచును బాగుచేసింది పెద్దబాపే. ఆ మాట తర్వాత పనికొచ్చింది, వాళ్లకు.

రెండు వానాకాలాలు గడిచాక, ఒక పెళ్లి రోజున పైపు దిగినచోట అంచు విరిగి పడింది. అంట్లు తోమే ఒక అమ్మకు భుజం విరిగింది. పెద్దబాపు దవాఖానాకు పోయి ఆమె మంచం పక్కన తలవంచుకు కూర్చున్నాడు. సేటు పోలేదు.

అప్పటికే నాగోల్ నుంచి ఉప్పల్ మీదుగా మెట్రో వస్తుందని అందరికీ తెలుసు. నారపల్లి దాకా పొలాలు ప్లాట్లయిపోతున్నాయి. మహల్ కంటే దాని కింద ఉన్న నేల మీద అందరికీ ప్రేమ పుట్టింది. కూల్చడానికి, కట్టడం ప్రమాదకరమని రిపోర్టు కావాలన్నారు వారసులు. ఆ రిపోర్టు రాసిన ప్రైవేటు ఆఫీసులో డ్రాయింగులు గీసేది నేను.

దాచుకోను. పగుళ్ల మ్యాపు నా చేత్తోనే గీశాను. "ఇటీవలి సున్నపు పనిలో నాణ్యతా లోపం" అన్న వాక్యం చూశాను. పైపు ఉన్న ఫోటో రిపోర్టులో లేదు. "సార్, పైపు ఫోటో పెట్టలేదేం?" అని అడిగాను. మా సారు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "మనల్ని అడిగిన దాంట్లో అది లేదమ్మా," అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. అది నాకు మొదటి ఉద్యోగం. ఆ రాత్రి పెద్దబాపు ఇంటికొచ్చి, "బిడ్డా, ఆ కాయితంల ఏం రాసిన్రో నువ్వు సూసినవా?" అన్నాడు. చూడలేదన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, "సరే తియ్," అన్నాడు. నాకు తెలుసు, ఆయనకు తెలిసిపోయింది. ఆ తర్వాత నా ముందు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే ఈ రోజు నాకు ఇంత మంట ఉండేది కాదు.

ఆ తర్వాత ఆయన్ని పనికి పిలిచిన వాళ్లు లేరు. నలభై ఏళ్లలో ఆయన చేతి కింద పని నేర్చుకున్న వాళ్లే దారి మార్చి నడిచారు. సేటు మాత్రం పక్క వీధిలో ఇంకో హాలు తెరిచాడు. మా సారుకు కొత్త కారు వచ్చింది. రిపోర్టు మీద సంతకం పెట్టిన అధికారికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. వాళ్ల చావుకు ఎవరూ శ్మశానంలో నిలబడి "పని కరాబు జేసిండు" అనరు.

ఆ పెద్దమనిషికి తెలియని సంగతి ఒకటుంది. కూల్చేరోజుల్లో నేను అక్కడే ఉన్నాను.

రెండు జేసీబీలు వచ్చాయి. ఒక్క పూట పని అన్నారు. సిమెంటు పూత మొదటి దెబ్బకే అట్టలా ఊడిపోయింది. కింది గచ్చు ఊడలేదు. మూడో రోజుకు పక్క గోడలు పడ్డాయి గానీ మెట్లు కదల్లేదు. ఒక జేసీబీ పన్ను విరిగింది. ఇంకో దెబ్బకు మెట్లను మోసే కమాను ఒక పక్కకు ఒరిగి అలాగే ఆగిపోయింది. దాని కింద ఇనుము ఏరుకునే కూలీలు ఉన్నారు. డ్రైవరు ఇంజను ఆపి దిగి, రోడ్డు అవతల రోజూ వచ్చి కూర్చునే పెద్దబాపు దగ్గరికి వచ్చాడు.

"తాతా, గిది నువ్వు జేసిన పనేనట గదా. యాడ గొడ్తె పడ్తదే? అడ్డదిడ్డం గొడ్తె కింద మనుషులు సస్తరు."

చెప్పొద్దు పెద్దబాపూ అని నేను చెయ్యి పట్టుకున్నాను. వాళ్లనే పడగొట్టుకోనీ అన్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకున్నాడు. "కూలోళ్లు ఏం పాపం జేసిన్రే?" అని లేచాడు.

ఒరిగిన కమాను కిందికి ఒక్కడే నడిచి పోయాడు. కూలీలందర్నీ బయటికి పంపాడు. రెండు మెట్ల వరుసలు కలిసేచోట, రెండు పక్కలనూ పట్టి ఉంచే నడిమి రాయి మీద, కింద రాలిన సున్నం తీసుకుని గుండ్రంగా ఒక గుర్తు పెట్టాడు. పక్కకు వచ్చి డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

ఒక్కటే దెబ్బ. మెట్లు రెండూ లోపలికి, ఒకదాని మీద ఒకటి, ఎవరి మీదా పడకుండా కూర్చున్నాయి. తెల్లటి దుమ్ము లేచి వీధంతా కమ్మేసింది. అది తగ్గేసరికి పెద్దబాపు అక్కడే నిలబడి ఉన్నాడు, తల నుంచి పాదాల దాకా తెల్లగా. కనురెప్పల మీద సున్నం. కళ్లు మాత్రం నల్లగా, తెరుచుకుని ఉన్నాయి. తుడుచుకోలేదు. ఆ తెలుపుతోనే ఉప్పల్ రోడ్డు మీద, బస్సుల మధ్య నుంచి, ఇంటి దాకా నడిచిపోయాడు.