అన్నయ్యకు రాని ప్రశ్నలు

మా డిపార్ట్‌మెంట్‌లో కొత్త పరీక్ష ఏది తయారైనా ముందు ఇంట్లోవాళ్ల మీదే ప్రయోగం. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు అన్నది మేం చేసే పరిశోధన. కాయితం మీద దివ్యంగా ఉన్న ప్రశ్న మనిషి ముందు పెట్టేసరికి నవ్వులపాలవుతుంది. అందుకని భర్తో, అత్తగారో, పక్కింటావిడో, ఎవరో ఒకరు దొరికేదాకా మాకు తోచదు. నాకు మాత్రం ఎప్పుడూ మా అన్నయ్యే.

అన్నయ్యకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. పదో తరగతితో చదువు ఆపేసి నాన్న పక్కన కౌంటర్లో కూర్చున్నాడు. నేను చదువుకుని ప్రొఫెసర్నయ్యాను. బండి మోడల్ చెబితే చాలు, వెనక్కి తిరిగి చూడకుండానే ఏ ర్యాకులో ఏ అరలో ఏముందో చెప్పేవాడు. అలాంటివాడికి రాలేదంటే తప్పు ప్రశ్నదేనని నా నమ్మకం.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్దవాళ్ల మతిమరుపు కొలవడానికి మా దగ్గరున్న పరీక్షలన్నీ ఎక్కడెక్కడివో తెచ్చి తెలుగులోకి దింపినవి. మనవాళ్లు జన్మలో చూడని వస్తువుల బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటాయి. చెప్పలేకపోతే మార్కులు కట్! అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. మన మనుషులకు సరిపోయే పరీక్ష నేనే తయారు చేస్తానని పంతం పట్టాను. మూడేళ్లు పట్టింది.

ఆదివారాలు ప్రశ్నల ఫైలు పట్టుకుని షాపుకెళ్లేదాన్ని. ఒకరోజు చిన్న కథ చదివాను. ఒకామె చల్లపల్లిలో బస్సెక్కి, కంకిపాడులో దిగి, రెండు నిమ్మమొక్కలు కొని చెల్లెలికిచ్చింది. కాసేపాగి ఆ కథ తిరిగి చెప్పమన్నాను.

"నిమ్మమొక్కల కోసం కంకిపాడు దాకా ఎందుకే? చల్లపల్లిలో దొరకవా ఏంటి? నీకు ఉద్యోగం ఎవరిచ్చారే బాబూ!" అన్నాడు అన్నయ్య.

ఇద్దరం పగలబడి నవ్వాం. కథ మాత్రం చెప్పలేదు. నేను ఎర్ర పెన్నుతో పక్కన 'అసహజం' అని రాసి ప్రశ్న కొట్టేశాను.

ఇంకో ఆదివారం గడియారం బొమ్మ గీసి, మూడుంపావు చూపించమన్నాను. "ముళ్ల గడియారం ఎవడు చూస్తున్నాడమ్మా ఇప్పుడు? ఫోన్లు లేవూ?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. అదీ కొట్టేశాను. ఐదు మాటలు చెప్పి పది నిమిషాల తర్వాత అడిగితే రెండే చెప్పి, మధ్యలో కస్టమర్ వచ్చి చెడగొట్టాడన్నాడు. ఐదు మాటలను మూడు చేశాను.

మీటింగుల్లో తోటి ప్రొఫెసర్లు ఆటపట్టించేవారు. "ఏవండీ, మీ అన్నయ్యగారు పాసయ్యారా?"

"మా అన్నయ్యకు రానిది పరీక్షలో ఉండదండీ," అనేదాన్ని. ఎంత గర్వమో!

మిగిలిన ప్రశ్నలతో చాలామంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి సరిచూశాం. వ్యాసం అచ్చయింది. ఊళ్లో కొందరు డాక్టర్లు ఆ పరీక్ష వాడటం కూడా మొదలుపెట్టారు.

మొన్న వేసవిలో వదిన ఫోన్ చేసింది. "భోజనం క్యారియర్ తీసుకెళ్లేసరికి మీ అన్నయ్య ర్యాకుల మధ్య నిలబడిపోయున్నారు. క్లచ్ ప్లేట్ కోసం వెళ్లారంట. ఎక్కడుందో తెలీక చెమటలు కక్కుతున్నారు. ఇది మొదటిసారి కాదు. నీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు," అని ఏడ్చింది.

ముగ్గురం న్యూరాలజీ డాక్టరు దగ్గరికెళ్లాం. ఆయన సొరుగులోంచి తీసిన కాయితాలు చూడగానే గుర్తుపట్టాను. నా పరీక్షే. అన్నయ్య నిటారుగా కూర్చుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. అన్నీ వచ్చాయి.

"బాగానే చేశారండీ. వయసుతో వచ్చే మరుపే. ఆరు నెలలాగి చూద్దాం," అన్నారు డాక్టరు. వదిన ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

నాకూ లేచి ఇంటికి వెళ్లిపోదామనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. తర్వాత నోరు పెగల్చుకున్నాను. "ఈ పరీక్ష ఆయనకు పనికిరాదండీ. ఆయనకు రానివన్నీ నేనే తీసేశాను."

మర్నాడు ముగ్గురం మళ్లీ వెళ్లాం, పాత ఫైలు ఇచ్చాను. డాక్టరు ఎర్ర గీతలన్నీ ఒక్కొక్కటే చూసి, మళ్లీ మొదటి పేజీకి వచ్చి అక్కడున్న తేదీ చదివారు. "ఇవి ఉంచి ఉంటే నాలుగేళ్ల కిందటే అనుమానం వచ్చేదండీ," అన్నారు మెల్లగా. వదిన నా వైపు చూడలేదు.

బయట బెంచీ మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. అన్నయ్య పక్కన కూర్చుని నా తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మంచి ప్రశ్నలే రాశావమ్మా. నాకే రాలేదు. నీ ముందు ఒప్పుకోలేక నవ్వించాను."