పాస్టరు గారు అనని మాట

పొద్దు పొడిపించే దేవునికి స్తోత్రం. అబద్ధమాడే నోటిని క్షణంలో మూయగలిగి ఉండీ, నా నోటిని ఇన్నేళ్లు తెరిచే ఉంచిన ఆయన ఓర్పుకు స్తోత్రం. అడవికీ, అడవిలో దున్నుకునే చేతులకూ ఆయనే యజమాని. ఆయన్ని స్తుతించకుండా ఈ కాగితం ముట్టుకునే ధైర్యం నాకు లేదు.

ఒక మాటను ఏళ్లుగా మోస్తున్నాను. ఒక ఎన్నిక నాడు ఎత్తుకున్నాను, ఇంకో ఎన్నిక దాటినా దించలేదు. సంఘంలో పాట ఎత్తుకుంటాను, రొట్టె విరిచినప్పుడు కళ్లు మూసుకుంటాను, చిన్నపిల్లలకు వాక్యం నేర్పుతాను. అది మాత్రం కదలదు. నా పేరు రాయడం లేదు. పిరికితనమే కదా అంటారా? అవును, పిరికితనమే.

మాది దమ్మపేట నుంచి అడవి వైపు లోపలికి వెళితే వచ్చే కోయ గూడెం. సంఘంలో నేను పెద్దను. నా పని మాట మార్చి చెప్పడం. పాస్టరు గారు గోదావరి జిల్లా మనిషి, తెలుగులో ప్రసంగిస్తారు. ఒక వాక్యం చెప్పి ఆగుతారు. పక్కన నిలబడి నేను దాన్ని కోయలో చెబుతాను. మా ముసలివాళ్లకు సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు, దేవుణ్ణి వినేంత రాదు. వాళ్లకు దేవుడు నా గొంతుతోనే వినిపిస్తాడు. పాస్టరు గారికి కోయ ఒక్క ముక్క రాదు. నేనేం చెబితే అదే ఆయన చెప్పినట్టు.

ముత్తమ్మ నా మేనమామ కూతురు. పోడు భూముల పట్టాల కోసం పుట్టిన ఒక చిన్న పార్టీలో పనిచేసేది. ఆ జెండా ఏ రంగో మా చుట్టుపక్కల మండలాలు దాటితే ఎవరికీ తెలియదు. ఊరందరి దరఖాస్తులూ సంచిలో వేసుకుని బస్సెక్కి భద్రాచలంలోని గిరిజన సంక్షేమ ఆఫీసుకు తిరిగేది. సారు లేడంటే మెట్ల మీద కూర్చునేది. గోదావరి పొంగి దారులు మూసుకుపోతే, నీళ్లు తగ్గిన మర్నాడే మళ్లీ బయల్దేరేది. ఆ ఏడు అసెంబ్లీకి ఆ పార్టీ తరఫున ఆమే నిలబడింది.

పెద్ద పార్టీలవాళ్లు ఇద్దరు. అప్పటికి గెలిచి ఉన్నవాడి కాలంలో, ఇది అడవి భూమి, మీరు దున్నకూడదని ఫారెస్టువాళ్లు మా చేలల్లో కందకాలు తవ్వారు. మా అమ్మ వేసిన జొన్న మీదుగా జేసీబీ నడిచింది. అతన్ని నేను ద్వేషించాను. ఈ మాటను మెత్తగా మార్చను. మోకరించి కళ్లు మూసుకుంటే నాకు రక్షకుడి ముఖం కనిపించాల్సిన చోట అతని ముఖం కనిపించేది. అతను ఓడాలి. రెండోవాడు మంచివాడని కాదు. ఇతను గెలిస్తే మొదటివాడు ఓడతాడు, అంతే.

మరి మా గూడేల ఓట్లు ముత్తమ్మకు పడితే? రెండోవాడికి తగ్గుతాయి, మొదటివాడే మళ్లీ కూర్చుంటాడు. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. దమ్మపేట హోటళ్లలో, అశ్వారావుపేట తోటల్లో పామాయిల్ గెలలు కోసేవాళ్ల దగ్గర, ఎక్కడ విన్నా ఇదే. "ముత్తమ్మ మంచిదే గాని, గెలుస్తదా? ఓటు మురిగిపోతది." మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనో ఈ మాట అనే ఉంటారు. అనలేదని నాకు చెప్పకండి, నమ్మను.

పోలింగుకు ముందటి ఆదివారం. ముత్తమ్మ వేరే ఊళ్లలో ప్రచారానికి పోయింది. ప్రసంగం చివర పాస్టరు గారు అన్నారు, "ప్రార్థన చేసి, మీ మనస్సాక్షి చెప్పినవారికి ఓటు వేయండి." ఆగి నా వైపు చూశారు.

నేను కోయలో ఇలా చెప్పాను. చిన్న జెండాకు వేసే ఓటు దేవుడికి ఇష్టం లేదు. ఆయన ప్రార్థనలో చూపించాడు. మన చేలు తవ్వించినవాణ్ణి దించగల పెద్ద జెండాకు వేయమంటున్నాడు.

ముసలమ్మలు ఆమేన్ అన్నారు. తన మాటకే అన్నారనుకుని పాస్టరు గారూ నవ్వుతూ ఆమేన్ అన్నారు. రెండు భాషలూ తెలిసిన కుర్రవాళ్లు వెనక కొందరు ఉన్నారు. నా వైపు చూసి తల దించుకున్నారు. సంఘ పెద్దను అందరి ముందు నిలదీసే అలవాటు మాకు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చెప్పానా? తెలిసే చెప్పాను.

దేవుడు అనని దాన్ని దేవుడు అన్నాడని చెప్పేవాడి గతి ఏమిటో నేనే పిల్లలకు నేర్పేవాణ్ణి.

లెక్కింపు అయ్యాక, మా బూత్‌లో ముత్తమ్మకు పడిన ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రెండోవాడు భారీ తేడాతో గెలిచాడు. మా గూడెం ఓట్లన్నీ ముత్తమ్మకే పడినా అతనికి గోరంత తగ్గేది కాదు. నా అబద్ధం ఎవరికీ అవసరం కూడా పడలేదు. ఏడాది తిరగకముందే అతని కాలంలోనూ కందకాలు తవ్వారు.

ముత్తమ్మ మా ఇంటికి వచ్చింది. నేను వాకిట్లో కొడవలి నూరుతున్నాను. మామూలుగా మేం కోయలోనే మాట్లాడుకుంటాం. కోపమొస్తే ఆమెకు తెలుగొస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి అయిన అలవాటు.

"బావా, దేవుడు నీతోటి ఏ భాషల మాట్లాడిండు?"

"ఏందే, పొద్దుగాల్నే ఎగతాళి?"

"ఎగతాళి గాదు. పాస్టరు గారు జానెడు మాట అన్నడంట, నువ్వు బారెడు జేసినవంట. పిల్లలు చెప్తున్నరు."

"పిల్లలకేం తెలుసు? ఆయన అన్నదే చెప్పిన."

"మా అత్త, నా మొగని తల్లే, నాకెయ్యలే బావా. పొద్దున నా చేతి జావ తాగిపోయి, పెద్ద జెండాకు గుద్దొచ్చింది. ఏందత్తా గిట్ల జేసినవ్ అంటే, దేవుడు వద్దన్నడు బిడ్డా అని ఏడ్సింది." నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మనుషులు వద్దంటే నాకు లెక్క లేదు. ఆఫీసుల ఎన్నిసార్లు పొమ్మనలే? మళ్ల పోలేదా? దేవుడే వద్దంటే మాత్రం నేనేం జెయ్యాలె? మొకం చూసి చెప్పు. ఆయన వద్దన్నడా?"

ఒక్క 'లేదు' సరిపోయేది. ఆమె నన్ను తిట్టేది. ఊరంతా తిరిగి చెప్పేది. నా పెద్దరికం పోయేది. ఇవన్నీ ఆ కాస్త సేపట్లోనే లెక్కవేసుకున్నాను.

"అవ్," అన్నాను. "వద్దన్నడు."

"గట్లనా," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె భద్రాచలం బస్సెక్కలేదు. దరఖాస్తుల సంచి ఎవరి కాగితాలు వాళ్లకు పంచేసింది. ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక కొన్ని ఇళ్లలో అవి చూరులోనే చెదలు పట్టాయి. ఇప్పుడు పామాయిల్ తోటల్లో కూలికి పోతుంది. సంఘానికి మాత్రం మానలేదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం, పాపాలు ఒప్పుకునే వేళ, కోయలో ప్రార్థిస్తుంది. దేవుడికి ఇష్టం లేని పని ఇన్నేళ్లు చేశానని, క్షమించమని. ఆ మనిషి చేసిన ఒక్క గొప్ప పనిని పాపమని ఒప్పుకుంటుంది. ఏమంటోందని పాస్టరు గారు నన్ను అడుగుతారు. నేను తెలుగులో చెబుతాను. అది మాత్రం ఒక్క మాట తప్పకుండా చెబుతాను.

ఇప్పుడు నేను దామాషా ప్రాతినిధ్యం గురించి సభల్లో మాట్లాడుతున్నాను. ఎన్ని ఓట్లు వస్తే అన్ని సీట్ల వాటా అనే పద్ధతి. మా తాతల వేటతో పోల్చి చెబుతాను. బాణం తగిలించినవాడికి ఒక వంతు ఎక్కువ. కాని తరిమినవాడికీ, అరిచినవాడికీ, ఇంట్లో ఉన్న ముసలిదానికీ వాటా ఉండేది. ఈ ఎన్నికల్లో బాణం తగిలించినవాడే జంతువునంతా ఎత్తుకుపోతాడు. చిన్న పార్టీలు పెరిగితే ప్రభుత్వాలు నిలవవని చదువుకున్నవాళ్లు అంటారు. నిలిచిన ప్రభుత్వాలు మా చేలల్లో ఏం చేశాయో వచ్చి చూడమంటాను. ఓటు మురుగుతుందన్న భయమే పెద్ద పార్టీలకు పెట్టుబడి అంటాను. చప్పట్లు కొడతారు. ఆ భయాన్ని దేవుడి పేరు మీద అమ్మినవాడు నేనేనని చెప్పను.

ఆ పద్ధతి ఉండి ఉంటే నాకు అబద్ధం అవసరం అయ్యేది కాదు. నిజమే. ముత్తమ్మలాంటివాళ్ల ఓట్లకు ఏదో ఒక కుర్చీ దొరికేది. అదీ నిజమే. కాని ఇంత సరైన వాదనను నేను దేనికి వాడుకుంటున్నాను? దాక్కోవడానికి. పద్ధతి నన్ను మూలకు నెట్టింది, నోరు తెరిచింది నేను. పోలింగు అయిపోయాక, ఏ ఓటూ మిగలని రోజున, ఆమె ముఖం చూసి 'అవ్' అనిపించింది ఏ పద్ధతి? ఆ జవాబు పూర్తిగా నాది.

దేవుడు నాతో ఏమీ అనలేదు. ఇదిగో, రాశాను. రాస్తే ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. దీన్ని క్షమాపణ అనుకునేంత వెర్రివాణ్ణి కాను. వచ్చే బల్ల ఆదివారానికి ముందే ముత్తమ్మ ఇంటికి వెళ్లి ఇదే మాట కోయలో చెప్పాలి. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఏమన్నా అనే హక్కు ఆమెకుంది.

నా కోసం ప్రార్థించకండి. నాతో కలిసి ఇది మాత్రం అడగండి. ప్రభువా, ముత్తమ్మ పనిని నువ్వు ఎన్నడూ వద్దనలేదు. చెయ్యని పాపానికి ఆమె నీ ముందు ఇంకొక్కసారి కూడా తల వంచకుండా చూడు.