కాళ్ళు దగ్గర పెట్టి ఎత్తవే

పీలమేడు రామక్కాళ్ అంతవరకూ కూతురు మధుమిత బరువులు ఎత్తేది కళ్ళారా చూసిందే లేదు. పోటీలకంతా పిలుచుకొని పోయేది మొగుడు బాలమురుగన్. ఆడి నెలలో ఆయన గుండెనొప్పితో పోయినాడు. అయిదు నెలలకు, మార్గళిలో, మదురైలో రాష్ట్ర పోటీ వచ్చింది. మధుమితకు ఈ ఏటితో ఇరవై నిండుతుంది, జూనియర్లలో ఇదే కడపటిసారి. గెలిస్తే జాతీయ క్యాంపులో చోటు, లేకుంటే ఇంతటితో సరి. "నాయన లేడు, నువ్వన్నా రామ్మా" అని పిల్ల అడిగితే కాదనలేక బస్సెక్కింది.

పోటీ మొదలయ్యేలోపల కోచ్ ఆరోగ్యమేరి వచ్చి మెట్లమీద పక్కన కూర్చుంది. సెల్లులో వీడియోలు తీసి, మెల్లగా నడిపించి చూపించింది.

"ఇది చైనా పిల్లక్కా. మోకాలి దాకా బరువుల కమ్మీని బావిలో నీళ్ళు చేదినట్టు నిదానంగా లాగుతుంది. ఇది కొలంబియా పిల్ల. నేలమీద నుంచే విసురు. ఇద్దరి పద్ధతీ వేరే. కానీ కమ్మీ కిందికి దూరి కూర్చునేటప్పుడు చూడండి, ఇద్దరి పాదాలూ ఎంత ఎడంగా పడతాయో! ఈ పొద్దు మన పాపతో పోటీ పడే మేలూరు యువరాణి కూడా అంతే, దబ్బుమని పరిచేస్తుంది. ఇప్పుడు మన మధుమితను చూడండి."

రామక్కాళ్ చూసింది. కమ్మీ పైకి పోయింది. పాదాలు లోపలికి వచ్చినాయి.

"బలం యువరాణికంటే మీ పాపకే ఎక్కువ. బరువు ఎక్కువైతే చాలు, కాళ్ళు దగ్గరికి లాక్కుంటుంది. రెండేళ్ళుగా చెప్తా ఉన్నా. తల వింటుంది, కాళ్ళు వినవు. ఎక్కడ పట్టిందో ఈ అలవాటు!"

ఎక్కడ పట్టిందో రామక్కాళ్‌కు తెలుసు. వీధి కొళాయికి సిరువాణి నీళ్ళు వచ్చే పొద్దు. ఏడేండ్ల పిల్ల నిండు బిందె ఎత్తబోతే, మోకాలిమీద ఒక్కటేసి, "కాళ్ళు దగ్గర పెట్టి ఎత్తవే! మొగోని మాదిరి చాపుకొని నిలబడితే చూసేవాళ్ళు ఏమంటారు?" అని ఎన్ని ఏండ్లు అరిచిందో. తన అత్త తనకు అట్లే నేర్పింది. ఆ మాట కోచ్‌తో చెప్పాలని నోరు తెరిచింది. అంతలో మైకులో పేర్లు పిలిచినారు, ఆరోగ్యమేరి లేచి పరుగెత్తింది.

మొదటి ఎత్తు తప్పింది. రెండోదీ తప్పింది. రెండుసార్లూ కమ్మీ ముందరికే పడింది.

పక్కన కూర్చున్న యువరాణి అత్త, ఆమెదీ మన తెలుగే, నవ్వింది. "ఏమక్కా, పిల్ల ఎత్తేదా, మీరు ఎత్తేదా? పళ్ళు అట్లా కొరుకుతా ఉండారే!"

రామక్కాళ్ మెట్లు దిగి అడ్డకట్ట దగ్గరికి పోయి కోచ్‌ను పిలిచింది. "మేడమ్, రెండు కిలోలు తగ్గించి పెట్టించకూడదా?"

"తగ్గించేదానికి లేదక్కా. ఎక్కించొచ్చు, దించరాదు. మూడోదీ పోతే పోటీలో నుంచే తీసేస్తారు. మీరు పోయి కూర్చోండి."

కూర్చోలేదు. మధుమిత వచ్చి చేతులకు సుద్దపొడి రాసుకొని వంగింది. కమ్మీ నేల విడిచింది, మోకాళ్ళు దాటింది. నిదానంగా, చైనా పిల్ల మాదిరే. రామక్కాళ్ అడ్డకట్ట పట్టుకొని అరిచింది.

"కాళ్ళు చాపవే, పాపా! చాపవే!"

హాలంతా తిరిగి చూసింది. కమ్మీ తలపైకి పోయింది, మధుమిత కిందికి దూరింది. పాదాలు రెండూ, పక్కపక్కన, ఒద్దికగా వచ్చి నిలిచినాయి. ఒక్క క్షణం అట్లే ఉండి, ముందరికి తూలింది. ఇనుము నేలకు కొట్టుకున్న శబ్దం రామక్కాళ్ అరికాళ్ళకు తగిలింది. ఎత్తు తప్పని చెప్పే మూడు ఎర్ర దీపాలూ వెలిగినాయి.

లోపలి గదిలో మధుమిత బూట్లు విప్పుకుంటా ఉంది. ఏడవలేదు. రామక్కాళ్ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నీ గొంతు వినపడిందమ్మా" అంది పిల్ల, తల ఎత్తకనే. "నీ గొంతు వినంగానే కాళ్ళు వాటికవే దగ్గరికి వచ్చేసినాయి. మాటలు మాత్రం అర్థం కాలేదు. ఏమని అరిచినావు?"

రామక్కాళ్ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం లేదు, నా కణ్ణూ. ఊరకే. పేరు పెట్టి పిలిచినాను."